మారు తాళంచెవి

జూన్ 3

ఒరేయ్ ఆకురాయీ,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనాలో రసీదు అనాలో తెలియడం లేదు. "క్షేమం, పని బాగుంది, వేళకి తింటున్నాను" అని మూడు ముక్కలు రాసి పోస్టు చేశావు. ఆ మాత్రం దానికి స్టాంపు దండగ. నా కుడి చెవిని ఎప్పుడో కటింగ్ మిషనుకి సమర్పించేశాను. ఎడమది కూడా ఈమధ్య బెట్టు చేస్తోంది. అందుకే కదా నిన్ను ఫోను మానేసి కాగితం మీద మాట్లాడమన్నది. రాసేటప్పుడు నిండుగా రాయి. చేతిలో ఆకురాయి పట్టుకుని షాపంతా పాకిన రోజుల నుంచీ నిన్ను చూస్తున్నాను. నువ్వు తక్కువ మాట్లాడావంటే ఏదో విరగ్గొట్టావన్న మాటే.

నువ్వు కళ్ళద్దాల పని నేర్చుకుంటానని వెళ్ళిన దగ్గర్నుంచి షాపు బోసిపోయింది. కౌంటరు మీద చెడిపోయిన తాళంచెవుల సీసా నిండిపోయింది, చూపు తగ్గుతోంది మరి. కొత్తగా వచ్చిన ఒకాయన ఆ సీసా చూసి, "తప్పుగా కోసినవి దాచుకోకుండా అందరికీ కనపడేలా పెడతారేంటండీ" అన్నాడు. "దాచిపెడితే మీరు నేను అసలు తప్పే చెయ్యనిదాన్నని అనుకుంటారు, అప్పుడు నేను జాగ్రత్త మానేస్తాను" అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో గానీ రెండు చెవులు చేయించుకెళ్ళాడు.

ఎదురు షాపు మీసాలాయన కొత్త మిషను తెచ్చాడు. మీట నొక్కితే అదే కోసేస్తుందట. పొద్దస్తమానం దాన్ని గుడ్డ పెట్టి తుడుస్తూ నా వైపు చూస్తాడు.

ఒక చిన్న సంగతి. వీధి వీధంతా మారు తాళంచెవులు నా దగ్గర పెడతారు కదా, తలుపు తాళం పడిపోయి బయట నిలబడితే అక్కరకొస్తాయని. ఇల్లు మారేవాళ్ళు తప్ప ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నిన్న మూడో మేడ నర్సు గారు వచ్చి తనది తీసుకెళ్ళింది. "ఇల్లు మారుతున్నారా?" అంటే "లేదండీ, ఊరికే" అంది. బోర్డు మీద ఆవిడ చెవి తగిలించే మేకు ఖాళీగా కనపడుతుంటే అన్నం సయించలేదు.

జీతంలో ఎంత మిగులుతోంది? పక్కింటి పిల్ల చేస్తే నీ ఫోను స్విచాఫ్ అంటోందట, ఏమైంది?

నీ మేనత్త

జూన్ 11

అత్తకి,

ఈసారి నిండుగా రాస్తున్నాను, రసీదు అనకు.

పని బాగానే వస్తోంది. గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసే పని నాకే ఇస్తున్నారు. వెంట్రుకంత ఎక్కువ అరిగినా ఫ్రేములో వదులైపోతుంది. చెవుల పళ్ళు అరగదీసిన చెయ్యి కాబట్టి నాకు తొందరగా పట్టుబడిందని మా ఓనరు గారు అన్నారు. ఆయన తన కళ్ళద్దాలు మాత్రం చొక్కా అంచుతోనే తుడుచుకుంటారు, కస్టమర్లు చేస్తే కేకలేస్తారు.

ఫోను కింద పడి పగిలింది. బాగుచేయించాలి.

నర్సు గారు ఎందుకు తీసుకున్నారో చెప్పలేదా? ఇంకెవరైనా వచ్చారా? ఊరికే అడుగుతున్నాను.

నా గదిలో ఒక కుర్రాడున్నాడు, కొరియర్ ఆఫీసులో పని. వాడి గొడవ నీకు చెప్పాలి. ఏదో అవసరం వచ్చి ఫోనులో ఒక యాప్ నుంచి అప్పు తీసుకున్నాడు. సంతకం లేదు, హామీ లేదు, అయిదు నిమిషాల్లో వచ్చేసింది. పదివేలు అడిగితే ఫీజులని కోసుకుని ఏడువేలు చేతికిచ్చారు. వారంలో పదివేలూ కట్టాలి. కట్టలేకపోతే రెండువేలు కట్టి ఇంకో వారం గడువు తీసుకోవచ్చు. కానీ ఆ రెండువేలు అప్పులోంచి తగ్గవు, పదివేలు పదివేలుగానే ఉంటుంది. అలా రెండు మూడుసార్లు కట్టాక, ఆ యాపే ఇంకో యాప్ చూపించింది, దాంట్లో తీసి దీనికి కట్టమని. ఇప్పుడు నాలుగున్నాయి.

వాడు చెడ్డవాడు కాదత్తా. ఇలాంటి వాణ్ణి నువ్వైతే ఏమంటావు?

నీ అల్లుడు

జూన్ 19

ఒరేయ్,

అడిగావు కనక చెబుతున్నాను. వాడికి బుద్ధి లేదంటాను.

అప్పు చెయ్యడమే తప్పని అనను. నా కటింగ్ మిషను అప్పు మీద కొన్నదే. బ్యాంకువాళ్ళు చెప్పులరిగేలా తిప్పారు. రాబడెంత, ఖర్చెంత, ఎన్నాళ్ళకి కడతావు అని ఒకటే ప్రశ్నలు. విసుక్కున్నాను గానీ, ఆ తిరుగుడులోనే నాకూ తెలిసింది ఎంతవరకు మొయ్యగలనో. ఏమీ అడక్కుండా అయిదు నిమిషాల్లో ఇచ్చేవాడు నువ్వు కట్టగలవని ఇవ్వడు, కట్టలేవనే ఇస్తాడు. వాడి లాభం అక్కడే ఉంది. చేతికి ఎంత వస్తుంది, చేతి నుంచి ఎంత పోతుంది, ఆ రెండూ పక్కపక్కన వేసి చూసుకుంటే మీ కొరియర్ కుర్రాడు మొదటి రోజే పారిపోయేవాడు. ఏడువేలకి వారానికి మూడువేలా? పట్టపగలు జేబు కొట్టేవాడు కూడా ఇంత తొందరపడడు.

ఇక అప్పు తీర్చడానికి అప్పు. నీకు మొదట నేర్పిన పాఠం గుర్తుందా? అసలు చెవిని చూసి మారు చెవి కొయ్యాలి గానీ, మారు చెవిని చూసి ఇంకో మారు చెవి కొయ్యకూడదు. కొయ్యగా కొయ్యగా ఒక్కోసారి ఇంత తేడా పేరుకుని, చివరిది చూడ్డానికి చెవిలాగే ఉంటుంది, తాళం మాత్రం రాదు. వాడికి చెప్పు. చెప్పాక నువ్వు గది మారు. అలా పీకలదాకా మునిగినవాడు మంచివాడైనా సరే, పక్కవాడి జేబు వైపు చూడకుండా ఉండలేడు. పర్సు తలకింద పెట్టుకుని పడుకో.

ఇక్కడ నా పరిస్థితి బాగాలేదు. నర్సు గారి తర్వాత డ్రాయింగు టీచరు, పళ్ళ డాక్టరు, మందుల షాపువాళ్ళు, వరసగా వచ్చి చెవులు పట్టుకుపోయారు. ఎవరూ కారణం చెప్పరు. మొహం చూడకుండా చెయ్యి చాపుతారు. డాక్టరు గారైతే ఏకంగా తాళమే మార్పించేశాడు, అదీ ఎదురు షాపులో. మన పనికి పెట్టుబడి ఇనుము కాదురా, నమ్మకం. ఇంటి చెవి చేతిలో పెట్టి వెళ్ళిపోతారు చూడు, ఆ నమ్మకం. అది పోతే మిషను అమ్ముకోవడమే.

ఇదంతా మీసాలాయన పనే అని తేలిపోయింది నాకు. ఉండబట్టలేక మొన్న వీధి మధ్యలోకి వెళ్ళి, "మిషను కొన్నావు బాగుంది, నా మీద లేనిపోనివి చెప్పి గిరాకీ లాక్కోవడం ఏం మర్యాద?" అని దులిపేశాను. జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు గానీ నోరెత్తలేదు. తప్పు చేసినవాడు ఏం మాట్లాడతాడు?

షాపు షట్టరు తాళంచెవి ఒకటి నీ దగ్గరుంది. వెంటనే పోస్టులో పంపు. ఎవరో వచ్చారు, ఉంటాను.

అత్త

జూన్ 26

అత్తా,

తాళంచెవి ఈ కవరులోనే ఉంది. అట్టముక్కకి కుట్టి పంపుతున్నాను, దారిలో కవరు చిరగకుండా.

నీకు తెలిసిపోయిందని అర్థమైంది. నోటితో అడగకుండా తాళంచెవి అడిగావు. అడగాల్సిందే. నా చేతుల్లో అది ఉండకూడదు.

గదిలో కొరియర్ కుర్రాడు ఎవడూ లేడు. వాడు నేనే.

మార్చిలో ఒక ఖరీదైన అద్దం చెడగొట్టాను. దూరానికీ దగ్గరికీ రెండింటికీ పనికొచ్చే రకం. ఒక వైపు ఎక్కువ అరిగిపోయింది. ఆ ముందు వారమే ఓనరు గారు అందరి ముందూ నన్ను పొగిడారు. ఆయనకి చెప్పలేకపోయాను. చెడిపోయిన అద్దం మేజోడులో దాచి గదికి తెచ్చుకున్నాను. నా డబ్బుతో ఇంకోటి తెప్పించి పెట్టేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. ఆ ఏడువేలు దానికే.

యాప్ తెరిచినప్పుడు అంగీకరిస్తున్నానని ఒక మీట నొక్కమంది. నొక్కాను. చదవలేదు. దాంతో నా ఫోనులో ఉన్న పేర్లూ నంబర్లూ అన్నీ వాళ్ళ చేతికి వెళ్ళిపోయాయి. నువ్వు ఫోనులో వినలేవని మన కస్టమర్లకి "మీ చెవి తయారైంది" అని నేనే కదా చేసేవాణ్ణి. ఆ నంబర్లన్నీ దాంట్లోనే ఉన్నాయి. కట్టడం ఆలస్యం కాగానే నా ఫొటో కింద "వీడు దొంగ, మోసగాడు, జాగ్రత్త" అని రాసి వాళ్ళందరికీ పంపారు. నర్సు గారికి, టీచరు గారికి, డాక్టరు గారికి, అందరికీ. నీ బొత్తాల ఫోనుకి ఫొటోలు రావు కాబట్టి నీకు మాత్రం తెలియలేదు.

తాళాలు తీసే ఇంట్లో పెరిగినవాడి మీద దొంగ అని వచ్చాక ఎవరైనా చెవి వెనక్కి తీసుకుంటారు. వాళ్ళ తప్పు లేదు. మీసాలాయన తప్పు అసలే లేదు. నువ్వు ఆయన్ని తిట్టిన తిట్లు నాకు పడాల్సినవి.

నువ్వు చెప్పినట్టు పక్కపక్కన వేసి చూశాను. అన్నీ కలిపి నా చేతికొచ్చింది ఇరవై ఆరు వేలు. ఇప్పటికి కట్టింది ముప్ఫై ఒకటి. ఇంకా నలభై బాకీ అంటున్నారు. ఫోను పగల్లేదు, నేనే ఆపేశాను. తెరిస్తే బూతులే.

ఈ నెలాఖరుకి ఇక్కడి నుంచి వెళ్ళిపోతాను. ఎక్కడికని అడగొద్దు. నేను నీ దగ్గర పనిచేసినవాణ్ణి కానని చెప్పెయ్యి, నీ షాపు నిలబడుతుంది. పర్సు తలకింద పెట్టుకోమన్నావు కదా, అది మాత్రం చాలా తగిలింది.

నేను

జూన్ 28

ఒరేయ్ ఆకురాయీ,

ఎక్కడికీ కదలకు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు, అటు వస్తున్న బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. నీ చేతికిచ్చేదాకా వెనక్కి రావద్దన్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత కోపం వచ్చింది. అది దిగకముందే రాస్తున్నాను, దిగితే ఏడుస్తాను. కోపం అప్పు చేసినందుకు కాదు. వెళ్ళిపోతానన్నందుకు. నిన్ను కాదని చెప్పి నిలబెట్టుకునేంత షాపేం కాదు ఇది. మీ నాన్న పోయిన రోజు నుంచి నువ్వు నా పిల్లాడివి, అది వీధికంతా తెలుసు.

నాకు ఏమీ తెలియదురా. షట్టరు తాళం తుప్పుపట్టి కొత్తది వేయిస్తున్నాను. పాత చెవులన్నీ పోగుచేస్తూ నీది కూడా పంపమన్నాను, కొత్తది కోసి పంపుదామని. ఆ ముక్క రాసేలోపు ఎవరో వచ్చారు. అంతే సంగతి. నువ్వేమో కుట్టి మరీ పంపావు. ఆ కుట్లు చూసి నవ్వు రావాల్సింది, రాలేదు.

పర్సు మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడి మీద అన్నది. అలాంటివాణ్ణి కూడా అనకూడదని ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడు చెప్పేది విను. కొత్త అప్పు ఒక్క రూపాయి తియ్యకు. చేతికొచ్చిన దానికంటే ఎక్కువే కట్టేశావు. ఇక పోలీసులు ఏం చెయ్యమంటారో తెలిసేదాకా వాళ్ళకి పైసా పంపకు. ఫోను తెరిచి ఆ బూతులన్నీ, ఆ ఫొటో, నువ్వు కట్టిన ప్రతి రసీదూ తుడిచెయ్యకుండా అలాగే తీసుకుని స్టేషనుకి వెళ్ళు. సిగ్గుపడాల్సింది వాళ్ళు. అంతకంటే ముందు ఓనరు గారికి అద్దం సంగతి చెప్పు. మేజోడులోంచి తీసి ఆయన బల్ల మీద పెట్టు. మన కౌంటరు మీద సీసా ఎందుకుందనుకున్నావు? అయిదేళ్ళు దాని పక్కనే కూర్చుని పనిచేశావు కదా.

ఇక్కడి ఇళ్ళకి నేను వెళతాను. ఒక్కొక్క తలుపూ కొట్టి నా నోటితో చెబుతాను. మొదట మీసాలాయన దగ్గరికి.

నీ కొత్త తాళంచెవి కోసి పెట్టాను. ఇప్పుడు పంపను. చెప్పిన రెండు పనులూ చేసి రాయి. డబ్బు కూడా పంపను, ఉండీ పంపను. నేను కట్టేస్తే నీకు గొడవ తీరుతుంది గానీ భయం తీరదు.

కదలకు.

అత్త

జూలై 8

అత్తకి,

కండక్టరు షాపులోకి వచ్చి, "ఆకురాయి ఎవరండీ ఇక్కడ?" అని అరిచాడు. కస్టమర్లు నవ్వారు. నేను చెయ్యెత్తాను. అప్పటికే సంచీ సర్దుకుని ఉన్నానని ఆయనకి తెలియదు.

నీ ఉత్తరం వీధిలో నిలబడే చదివాను. లోపలికి వెళ్ళి అద్దం ఓనరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తీసి, చొక్కాతో తుడుచుకుని, వెలుతురుకి ఎత్తి చూశారు. "ఇది మార్చి నెలలోదా?" అన్నారు. "పని నేర్చుకునే వాళ్ళు చెడగొడతారనే కంపెనీవాళ్ళు ఏటా కొన్ని అద్దాలు ఉచితంగా మార్చి ఇస్తారు. ఈ ఏడాది ఇంతవరకు ఒక్కటీ వాడలేదు. నువ్వు చాలా మంచి పనివాడివని వాళ్ళకి గొప్పగా చెప్పుకున్నాను."

అత్తా, నేను ఆ అప్పు చెయ్యాల్సిన పనే లేదు. ఒక్క మాట అడిగి ఉంటే చాలు. ఆ మాట విన్నాక వెనక గదిలోకి వెళ్ళి కూర్చుండిపోయాను. ఆయన వచ్చి టీ పెట్టి వెళ్ళారు.

స్టేషనులో ఒక మేడమ్ రాసుకున్నారు. వాళ్ళ దగ్గర ఇలాంటివి కుప్పలుగా ఉన్నాయట, అందరూ నా వయసువాళ్ళేనట. ఆ యాప్‌లకి అసలు అప్పులిచ్చే లైసెన్సే లేదని తేలింది. డబ్బు కట్టొద్దని, నంబరు మార్చుకోమని, బెదిరింపులు వస్తే వెంటనే చెప్పమని అన్నారు. ఆ యాప్‌లవాళ్ళు రెండు రోజులు ఇంకా ఎక్కువ బెదిరించారు, ఓనరు గారికి కూడా ఫోన్ చేశారు. ఆయన స్పీకర్లో పెట్టి, "సంగతి మాకు తెలుసు, ఇంకేమైనా ఉందా?" అన్నారు. వాళ్ళే ఫోను పెట్టేశారు.

అంతా అయిపోయిందని అనను. గది అద్దె బాకీ ఉంది, నెలనెలా ఇంత అని ఇంటి ఓనరమ్మతో మాట్లాడుకున్నాను. జీతం రాగానే ముందు అది తీసి పక్కన పెడతాను. ఫోను మోగితే ఇప్పటికీ ముందు నంబరు చూసి గానీ ఎత్తను.

ఇళ్ళకి వెళ్ళావా? ఏమన్నారు? తాళంచెవి సంగతి నేను అడగను.

నీ అల్లుడు

జూలై 17

ఒరేయ్ ఆకురాయీ,

వెళ్ళాను. అందరి ఇళ్ళకీ వెళ్ళాను. అన్ని తలుపులూ తెరుచుకున్నాయని చెబితే అబద్ధం. డాక్టరు గారు కిటికీలోంచే మాట్లాడాడు. డ్రాయింగు టీచరు మంచినీళ్ళిచ్చింది, విన్నది, చెవి మాత్రం ఇవ్వలేదు. "చూద్దాం లెండి" అంది. చూడనీ. నమ్మకం పోవడానికి ఒక ఫొటో చాలు, తిరిగి రావడానికి టైము పడుతుంది. నేను తొందరపెట్టను.

మీసాలాయన ముందు తల దించుకుని నిలబడ్డాను. జన్మలో మొదటిసారి అనుకుంటా. జరిగింది చెప్పాను. ఆయన జేబులోంచి ఫోను తీసి నీ ఫొటో చూపించాడు.

"నాకూ వచ్చిందమ్మా. మీరు ఆ రోజు తిడుతున్నప్పుడు తీసి చూపిద్దామనే జేబులో చెయ్యి పెట్టాను. అంతమంది ముందు చూపించబుద్ధి కాలేదు."

"మరి నోటితోనైనా చెప్పొచ్చుగా?" అన్నాను.

"మీకు వినపడేలా చెప్పాలంటే వీధంతా వినాలి కదండీ" అన్నాడు.

తాళాలు మార్చమని వచ్చినవాళ్ళతో ఏం చెప్పాడో తెలుసా? "ఆ పిల్లాడు అయిదేళ్ళు నా కళ్ళెదుట కూర్చుని పనిచేశాడు, ఒక్క మేకు పోలేదు, వెళ్ళండి" అని పంపించేశాడట. "ఇద్దరు వినలేదు, వాళ్ళకి తాళాలు అమ్మేశాను, మిషను వాయిదాలు కట్టాలి మరి" అని కూడా అన్నాడు. ఇన్నాళ్ళూ ఆయన నా వైపు చూసింది గొప్పకి కాదు. నాకు సంగతి తెలుసో లేదో అని.

మొన్న సాయంత్రం నర్సు గారు వచ్చింది. నేరుగా బోర్డు దగ్గరికి వెళ్ళి తన చెవి తనే పాత మేకుకి తగిలించింది. తర్వాత కౌంటరు దగ్గర నిలబడి ఏడ్చింది.

"మీరు మా ఇంటికొచ్చి చెప్పి వెళ్ళాక మా అమ్మాయి ఫోను చూడాలనిపించిందండీ. చూశాను. మూడు యాప్‌లున్నాయి. కాలేజీ ఫీజు అని నాకు చెప్పిన డబ్బు వాటికే పోతోంది. అడిగితే గది తలుపు వేసుకుంది. మీవాడు ఒక్కసారి దానితో మాట్లాడతాడా? నేను చెబితే తిట్టినట్టుంటుంది."

మాట్లాడతాడని చెప్పాను. నిన్ను అడక్కుండానే మాటిచ్చాను, ఏమనుకోకు. ఆ పిల్లకి నీతులు చెప్పకు. నీ ఏడువేల కథ చెప్పు. మీట నొక్కేముందు ఏం చదవాలో చూపించు. స్టేషనుకి తోడు వెళ్ళు. ఆ మేడమ్ దగ్గర కుప్పలుగా ఉన్నవాళ్ళలో ఎంతమందికి ఇంట్లో చెప్పే దారి లేదో అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. నీకు ఆకురాయి పట్టడం నేర్పాను, తాళం గుట్టు నేర్పాను, జీతం చేతికొస్తే ఏం చెయ్యాలో మాత్రం అదే తెలుస్తుందిలే అనుకున్నాను. తెలియదురా, ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తుంది.

బోర్డు మీద ఇప్పుడు సగం కూడా లేవు. అయినా కిందటి నెల కంటే ఎక్కువే ఉన్నాయి.

కవరులో అట్టముక్కకి కుట్టి నీ తాళంచెవి పెట్టాను. కుట్లు నీ అంత బాగా రాలేదు. కొత్త తాళంతో వచ్చిన అసలు చెవిని చూసి కోశాను. మొదటిసారే కుదిరింది, సీసాలోకి పోలేదు. వచ్చేటప్పుడు చెడిపోయిన ఆ అద్దం ఓనరు గారిని అడిగి పట్టుకురా, సీసాలో వేద్దాం.

ఆదివారం పొద్దున బస్సు దిగి నేరుగా షాపుకి రా. నేను ఉండను, కావాలనే ఆలస్యంగా వస్తాను. మీసాలాయన బయట కుర్చీ వేసుకుని ఉంటాడు, డాక్టరు గారు పేపరు చదువుతూ ఉంటాడు, నర్సు గారి పిల్ల కిటికీలో ఉంటుంది. అందరూ చూస్తారు, చూడనీ. షట్టరు నువ్వే తియ్యి. మెల్లిగా కాదు. ఇంట్లో కూర్చున్న నాకు వినపడాలి.

నీ అత్త